గూడున్నచోటే సొంతూరు

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. పనిచేసినన్నాళ్లూ, జనవరి నెల వచ్చిందంటే పిల్లలకు ఒక అబద్ధం చెప్పేవాణ్ని. తెలిసి చెప్పింది కాదు. కానీ నిజం తెలుసుకోవడానికి కావలసినదంతా కళ్లెదుట ఉండగా చెప్పాను. అందుకే దాన్ని పొరపాటని తేలిగ్గా తీసేయడానికి మనసొప్పదు. కళ్లుండీ చూడకపోవడం తెలివితక్కువతనం. ఆ తెలివితక్కువతనం వల్ల ఒక ప్రాణం కూడా పోయింది. ఈ వయసులోనైనా దాచుకోకుండా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మా అత్తగారి ఊరు వీరాపురం. హిందూపురం నుంచి లేపాక్షి, చిలమత్తూరు వైపు వెళితే కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. మొన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చుట్టూ చేలు, గుట్టలు, చెరువులు. ఊళ్లో, ఇళ్లను ఆనుకుని, పెద్ద పెద్ద చింతచెట్లు. ఏటా సంక్రాంతికి కాస్త ముందో వెనకో ఆ చెట్లమీదికి కొంగలు దిగుతాయి. నిలబడితే మూడడుగుల ఎత్తుంటాయి. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు అయిదడుగులు. తెల్లని ఒళ్లు, రెక్కలమీద నలుపు, రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ, తోక దగ్గర ఈకల్లో గులాబీ రంగు. తలమీద ఈకలుండవు, నారింజ ఎరుపులో మెరుస్తుంది. పసుప్పచ్చని పొడుగాటి ముక్కు కొస దగ్గర కొంచెం కిందికి వంగి ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని పెయింటెడ్ స్టార్క్ అంటారు. తెలుగులో ఎర్రకాళ్ల కొంగ.

ఊళ్లో చాలామంది వీటిని సైబీరియా పక్షులంటారు. చూడ్డానికి వచ్చేవాళ్లూ అదే అంటారు. నేనూ అదే అన్నాను. పైగా పంతుల్ని కాబట్టి అనడంతో ఆగలేదు, పాఠం చేశాను. ప్రపంచపటం గోడకు తగిలించి, రష్యా పైభాగాన పుల్ల పెట్టి, అక్కణ్నుంచి కిందికి జరుపుతూ ఎడారులు దాటించి, హిమాలయాలు దాటించి, హిందూపురం దగ్గర ఆపేవాణ్ని. పిల్లలు కళ్లు పెద్దవి చేసి వినేవాళ్లు. అంత దూరం నుంచి వెతుక్కుంటూ మన ఊళ్లకే వచ్చాయంటే మన నేల ఎంత గొప్పదో చూడండి అని ముగించేవాణ్ని. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం నిండుగా ఉండేది.

ఎర్రకాళ్ల కొంగకూ సైబీరియాకూ ఏ సంబంధమూ లేదు. అది హిమాలయాలకు ఇవతల, మన దేశంలో, శ్రీలంకలో, తూర్పున ఆగ్నేయాసియా దేశాల్లో బతికే పక్షి. సముద్రాలూ పర్వతాలూ దాటదు. నీళ్లనూ చేపలనూ బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, ఒక తాలూకా నుంచి ఇంకో తాలూకాకు తిరుగుతూ ఉంటుంది. పిల్లల్ని కనే కాలం వచ్చినప్పుడు గుంపుగా చేరి, నచ్చిన చెట్లమీద గూళ్లు కట్టుకుంటుంది. వర్షాలు మొదలై, పిల్లలకు రెక్కలు గట్టిపడ్డాక జులై, ఆగస్టు నెలలకల్లా మళ్లీ చెరువులమీద చెదిరిపోతుంది.

ఇది నాకు తెలియకపోవడం ఒక ఎత్తు. తెలియడానికి ఎన్ని అవకాశాలు వచ్చినా గుర్తించకపోవడం ఇంకో ఎత్తు. నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. పగలంతా మగ్గం చప్పుడు విని విని, సాయంత్రమయ్యేసరికి పిల్లలమంతా చెరువుకట్ట మీదికి పరిగెత్తేవాళ్లం. దసరా సెలవుల్లో, దీపావళి దగ్గర, వానలకు నీళ్లు చేరిన చెరువు అంచున ఎర్ర తలలు, పసుపు ముక్కుల కొంగలు మేస్తుండడం నాకు బాగా గుర్తు. పెద్దయ్యాక ఆ జ్ఞాపకం ఎప్పుడు వచ్చినా, అవి వేరే కొంగలై ఉంటాయిలే అనుకున్నాను. జనవరిలో రావలసిన సైబీరియా కొంగ అక్టోబరులో ధర్మవరంలో ఎందుకుంటుందన్న ప్రశ్న నాలో పుట్టనేలేదు. నమ్మిన మాటకు సరిపోని సాక్ష్యాన్ని నా మనసు తనంతట తానే పక్కకు నెట్టేసింది.

వాటి మధ్య బూడిద గోధుమ రంగులో, ఏ మెరుపూ లేకుండా ఇంకో రకం కొంగలు తిరిగేవి. వాటినీ వేరే జాతి అనుకున్నాను. అవి ఈ కొంగల పిల్లలే. పుట్టిన ఏడాది వాటికి ఆ గులాబీ, ఆ నలుపు ఉండవు. పూర్తి రంగు తిరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంటే వీరాపురంలోనో అలాంటి ఇంకో ఊళ్లోనో చింతకొమ్మమీద పుట్టిన పిల్లలు మా ధర్మవరం చెరువులో పెరిగి పెద్దవవుతుంటే, నేను కట్టమీద నిలబడి వాటిని పరాయివిగా చూశాను.

ఇంతకన్నా పెద్ద ఆధారం చెట్టుమీదే ఉంది. అది గూడు. చలికాలంలో ఉత్తరాది నుంచి మన చెరువులకు నిజంగా వలస వచ్చే పక్షులున్నాయి. బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతు మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి దక్షిణాది చెరువులదాకా వస్తుంది. చలికాలమంతా మేస్తుంది. ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లిపోతుంది. మన చెరువుగట్టున అది గూడు కట్టదు, గుడ్డు పెట్టదు. దాని సంసారమంతా అక్కడ, మంచు కరిగే వేసవిలో. పేరులోనే సైబీరియా ఉన్న సైబీరియన్ క్రేన్‌దీ అదే పద్ధతి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ చిత్తడినేలల్లో చలికాలం గడిపి వెళ్లేది. 2002 తర్వాత అక్కడ కనిపించడం మానేసింది. అది కూడా మన దేశంలో ఎన్నడూ గూడు కట్టలేదు. ఏ పక్షికైనా గూడున్నచోటే సొంతూరు. పుల్లలు తెచ్చి, గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి ఎగరేసే కొంగను చూస్తూ చూస్తూ, ఇది ఇక్కడిది కాదని బడిలో బోధించినవాణ్ని నేను.

మా అత్తమ్మ చదువుకోలేదు. ఆవిడ మాత్రం ఈ కొంగలను పురిటికి వచ్చిన ఆడబిడ్డలనేది. వీరాపురంలో ఆ మాట చాలామంది నోట వింటాం. అవి దిగిన ఏడాది వానలు పడతాయని, పంట బాగుంటుందని నమ్మకం. గూళ్లున్నన్నాళ్లు అత్తమ్మ ఆ చెట్ల కింద గట్టిగా అరవనిచ్చేది కాదు, టపాకాయలు కాల్చనిచ్చేది కాదు. చైత్రమాసంలో కొమ్మకొమ్మకూ లేత ఎరుపులో చింతచిగురు వేలాడుతుంటే, పప్పులోకి గుప్పెడు కోసుకొస్తానని మా పిల్లలు వెళ్లబోతే, ‘ఆ చెట్టు వద్దు, అవతలి చెట్టుకు పొండి. బాలింతలున్న ఇంట్లో అలజడి చేస్తారా?’ అని కేకలేసేది. నేను నవ్వుకునేవాణ్ని. ఒకసారి ఆవిడకే నా పాఠం చెప్పబోయాను. అవి సైబీరియా నుంచి వస్తాయత్తమ్మా, మంచుదేశం అన్నాను. ఆవిడ చాటలో చింతకాయల పెంకులు ఏరుతూ, ‘ఏమో నాయనా, ఆడబిడ్డ పురిటికి పుట్టింటికే గదా వచ్చేది’ అంది. ఆ మాటను మంచి మనసున్న పెద్దావిడ ముచ్చటగా అనుకున్నానే తప్ప, అందులో పక్షిశాస్త్రం మొత్తం ఉందని గ్రహించలేదు.

ఆ పుట్టింటివాళ్లు పెట్టే పెట్టుబడి ఎంతో కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కో చెట్టుమీద పదుల గూళ్లుంటాయి. కింద నిలబడితే రెట్ట వాసన, కుళ్లిన చేపల వాసన. ఇంటికప్పులు తెల్లబడతాయి, వాకిలి ఎన్నిసార్లు ఊడ్చినా తీరదు. హిందూపురం చింతపండు మార్కెట్ పెద్దది. సీజన్ నడిచేది ఫిబ్రవరి నుంచి ఎండాకాలంలోకి. సరిగ్గా అదే కాలంలో కొమ్మలమీద గూళ్లుంటాయి. గూళ్లున్న చెట్టును దులపలేరు. దులపకపోతే కాయ ఎండి రాలి, రెట్టలో పడి పాడవుతుంది. మా అత్తమ్మ వాళ్ల చెట్టు కాపు అలా పోయిన ఏళ్లున్నాయి. కర్ణాటకలో మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్లూరులోనూ ఇలాగే ఊరి చెట్లమీద గూడబాతులూ ఈ కొంగలూ గూళ్లు కడతాయి. అక్కడ చింతకాపు వదులుకున్న రైతులకు అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. నేను సెలవుల్లో వచ్చి, మిద్దెమీద కుర్చీ వేసుకుని, కొంగల అందం చూసి మురిసిపోయి వెళ్లేవాణ్ని. ఆ అందానికి ధర ఎవరు కడుతున్నారో అడగలేదు.

అవివేకం అక్కడితో ఆగలేదు. వాటిమీద నాకు జాలి కూడా పుట్టింది.

మా ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. అదృష్టం బాగుండి మరువ పారితే ఆ ఏడు పండగే. జనవరి నుంచి నీళ్లు వెనక్కి జరగడం మొదలవుతుంది. ఉగాదికి చెరువు నడిమధ్య మడుగు మిగులుతుంది, చుట్టూ నెర్రెలిచ్చిన ఒండ్రు. ఇటు చూస్తే మోదుగ పూసి, వేప పూసి, కోయిల గొంతెత్తి వసంతం వచ్చిందంటుంది. అటు చూస్తే చెరువు ఎండుతుంది. గూళ్లలో మాత్రం అప్పుడప్పుడే పిల్లలు పెరుగుతుంటాయి. నాకు కడుపు తరుక్కుపోయేది. ఈ పిచ్చి కొంగలు నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనకుండా, ఎండిపోయే కాలంలో ఎందుకు కంటున్నాయి? పాపం, సైబీరియా పక్షులకు మన ఋతువులు తెలియవేమో! వాటి అమాయకత్వం గురించి తోటి ఉపాధ్యాయులతో ఎంతో బాధగా మాట్లాడేవాణ్ని.

గొర్రెలు కాసే ఒక పెద్దాయన ఉండేవాడు. వరసకు మామ. ఒక సాయంత్రం చెరువుగట్టున కూర్చుని ఈ బాధే ఆయనతో చెప్పుకున్నాను. ఆయన కాసేపు నావైపు చూసి, ‘నిండుచెర్వుతో కొంగకేం పని అల్లుడా? లోతులో ఉండే చేపను అదెట్ల పడ్తాది? నీళ్లు ఇంకితేనే గదా చేపలన్నీ ఒకతావుకి చేరేది. దాని పిల్లోల్లకు ఆకలి ముదిరే పొద్దుకి చెర్వు సద్దిమూట ఇప్పుతాది. అది లెక్కేసుకునే వచ్చింటాది’ అన్నాడు. నేను బదులు చెప్పలేకపోయాను. ఆ మర్నాడే ఆయన చెప్పినచోట కూర్చుని, జీవితంలో మొదటిసారి ఆ కొంగ ఎలా తింటుందో చూశాను.

అది చేపను కంటితో వెతకదు. పిక్కల్లోతు బురదనీళ్లలో నిలబడి, ముక్కును కొద్దిగా తెరిచి నీళ్లలో ముంచుతుంది. తలను అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా నడుస్తుంది. ఒక కాలితో నేలను కదిలిస్తుంది. బెదిరిన చేప తెరిచిన ముక్కు మధ్యకు వచ్చి తగిలిందంటే, తగిలిన క్షణంలోనే ముక్కు మూసుకుంటుంది. చూపుకు అందని బురదలో స్పర్శతో జరిగే వేట ఇది. కాళ్లు మునిగే లోతుంటే ఈ వేట సాగదు. చేపలు పలచగా చెదిరి ఉన్నా సాగదు. చెరువు ఇంకుతూ, చేపలు దగ్గరవుతూ, అంచులు పలచబడుతూ ఉండాలి. గుడ్లు పొదగడానికి సుమారు నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఫిబ్రవరిలో పెట్టిన గుడ్డు మార్చిలో పిల్ల అవుతుంది. దాని ఆకలి పతాకస్థాయికి చేరే ఏప్రిల్‌లో చెరువు మడుగై ఉంటుంది. మనం కరువనుకునేది వాటికి పంట. నేను అమాయకులనుకున్న పక్షులు మా చెరువుల లెక్కలు నాకన్నా బాగా తెలిసినవి.

అప్పుడు గూళ్లవైపు కూడా సరిగ్గా చూడడం మొదలుపెట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే, తల్లో తండ్రో గూటి అంచున నిలబడి రెక్కలు సగం విప్పి పిల్లలకు నీడ పడుతుంది. నీడ జరిగితే తానూ జరుగుతుంది. రెండోది చెరువు నుంచి వచ్చి గొంతులోంచి చేపలు గూట్లో కక్కుతుంది, మింగి తెచ్చిన నీళ్లు పిల్లలమీద పోస్తుంది. పెద్ద కొంగలకు గొంతులో కూత లేదు. ముక్కు రెండు చెక్కలూ టకటకలాడించి పలకరించుకుంటాయి. గోలంతా పిల్లలదే. ఇవన్నీ మా మిద్దెకు ఎదురుగా, ఏళ్ల తరబడి ప్రతి వసంతంలోనూ జరిగాయి. అంతకాలమూ నేను రంగులు చూశానే గాని పక్షిని చూడలేదు.

చూడకుండా పుట్టిన జాలి ఎంత దూరం పోగలదో చెప్పాలి. చెరువు పూడిక తీయాలని ఊళ్లో మాట వచ్చినప్పుడు, గొర్రెల మామ మాటలు వినకముందే, నేను సభలో లేచి గట్టిగా వాదించాను. మొత్తం చెరువును ఒకే లోతుకు, చదరంగా, అంచులు నిలువుగా తవ్వించాలన్నాను. అలా అయితే ఎండాకాలమంతా నీళ్లుంటాయి, కొంగలూ సుఖంగా ఉంటాయి అన్నాను. నా మాటలకు చప్పట్లు కూడా కొట్టారు. ఆ మామే ఇంకో ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి అడ్డుపడ్డాడు. కట్టదిక్కున ఎంతైనా తవ్వుకోండి, ఎగువన పల్లంగా జారే నేలను ముట్టొద్దు, గొర్రెలు నీళ్లకు దిగేది అక్కడే, కొంగలు మేసేది అక్కడే అని పట్టుబట్టాడు. చివరికి ఆయన మాటే నెగ్గింది. చదువుకున్నవాడి మాట పోయిందని నేను చాలాకాలం ముభావంగా ఉన్నాను. నా మాట నెగ్గి ఉంటే ఆ చెరువులో కొంగ అడుగుపెట్టడానికి ఒక్క జాన చోటు మిగిలేది కాదు.

ఇక మొదట్లో చెప్పిన ఆ ప్రాణం సంగతి. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు ఒక రాత్రి గాలివాన పట్టింది. తెల్లారి చూస్తే మా చెట్టు కింద కొంగపిల్ల ఒకటి పడి ఉంది. ఒళ్లంతా తెల్లని నూగు, నల్లని ముక్కు, వణుకు. ఎముక విరిగినట్టు లేదు. అత్తమ్మ వచ్చి చూసి, ‘నీడన గంపలో పెట్టి, తట్టలో నీళ్లు పోసి నాలుగు చిన్న చేపలు ముందర వెయ్యి. నోట్లో మాత్రం ఏం పొయ్యొద్దు నాయనా, దానంతట అదే తీసుకుంటాది’ అని చెప్పి చేపల కోసం మనిషిని పంపింది. ఆ మనిషి వచ్చేలోపు నాకు ఓపిక లేకపోయింది. పిల్ల ఆకలితో చచ్చిపోతుందేమోనని భయం. పాలు గోరువెచ్చగా చేసి, ముక్కు తెరిచి, చెంచాతో పోశాను. మింగిందనుకుని ఇంకాస్త పోశాను. ఆ తర్వాత నీళ్లు పోశాను. అది ఉక్కిరిబిక్కిరైంది. మెడ వాల్చింది. చేపలు వచ్చేసరికి ముట్టుకోలేదు. పొద్దుగూకకముందే ప్రాణం పోయింది.

పక్షి నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. బలవంతంగా పోసిన ద్రవం అందులోకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు అసలు పక్షి తినే వస్తువే కాదు, దాని కడుపు పాలను అరాయించుకోలేదు. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. కానీ చదవనక్కర్లేకుండానే ఆ ప్రాణం నిలిచే దారి నా పక్కనే ఉంది. ఏటా రాలిన పిల్లలను చూసిన ఆవిడ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పింది. నేను వినలేదు. ఆ పూట నాకు కావలసింది పిల్ల బతకడం ఒక్కటే అయి ఉంటే విని ఉండేవాణ్ని. నా చేతులతో నేనే బతికించాలని ఉంది నాకు. అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదు. గంప తీసుకుని వెళ్లి పెరట్లో గుంట తవ్వింది. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పటినుంచి మా సీమలో పక్షుల గురించి చదవడం, అంతకన్నా ఎక్కువగా అడగడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి తేటపడింది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1860ల నాటి తన పుస్తకంలో, కర్నాటిక్ ప్రాంతంలో ఒక ఊరి నడిబొడ్డున చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టుకోవడం, మనుషుల అలికిడిని లెక్కచేయకపోవడం చూశానని రాశాడు. ఊరూ పక్షీ కలిసి బతకడం మన దక్షిణాది పల్లెలకు తరతరాల అలవాటు. ఆ జెర్డనే 1848లో కలివికోడి అనే పక్షిని లోకానికి తెలిపాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో, పెన్నా లోయలో హోవర్డ్ క్యాంప్‌బెల్ దాన్ని చూశాడు. ఆ తర్వాత శాస్త్రవేత్తలకు ఎక్కడా దొరక్క, అంతరించిపోయిందని అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో అది మళ్లీ వెలుగులోకి వచ్చింది. పరిశోధకుడు భరత్ భూషణ్ వెంట ఉండి దాన్ని పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాలు పోయిందన్న పక్షి ఐతన్నలాంటివాళ్లకు ఎరుకే. అడిగినవాళ్లు వచ్చేదాకా ఆ తెలివి ముళ్లపొదల మధ్యే ఉండిపోయింది. మా అత్తమ్మ, గొర్రెల మామ నాకు అంత దగ్గర్లో ఉండీ, నేను అడగలేదు.

చూపు మారాక కొండలూ వేరేగా కనిపించాయి. పెనుకొండ కోట ఎక్కినప్పుడల్లా చుట్టూ ఉన్న బండల గుట్టలు చూసి, ఏమీ లేని నేల అనుకునేవాణ్ని. ఆ బండల సందుల్లో ఎలుగుబంట్లుంటాయి, చిరుతలుంటాయి, రాతి అరుగులమీద పెద్ద గుడ్లగూబలు పిల్లల్ని పెంచుతాయి. పసుపు గొంతు పికిలిపిట్ట ఒకటుంది. నంది కొండలు, హార్స్‌లీ కొండలు లాంటి దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా బతకదు. దానికి ఈ బోడిగుట్టే అడవి. పెనుకొండ, ధర్మవరాల మధ్య చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బంజరు నేల కొని మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల పల్లెలవాళ్లతో కలిసి కల్పవల్లి గుట్టలను కాపాడింది. వాళ్లు చేసిందేమిటి? మంటలు పడకుండా కాపలా కాశారు, గింజలు చల్లారు, మిగిలింది నేలకు వదిలారు. బోదగడ్డి లేచింది, ఈతచెట్లు లేచాయి, వాటి వెంట పక్షులూ జంతువులూ వచ్చాయి. కాగితాలమీద బంజరని రాసిన వేల ఎకరాలు అవి. నేను సైబీరియా అన్నట్టే, ఎవరో చూడకుండానే బంజరని రాశారు.

ఇప్పుడు మా వైపు మార్పులు వేగంగా వస్తున్నాయి. హంద్రీ-నీవా కాలువ కృష్ణా నీళ్లను పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరుదాకా తెచ్చింది. పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కరువుతో రైతులు వలసపోయిన నేలమీద పుట్టినవాణ్ని నేను, నీళ్లు రావద్దని ఎలా అంటాను? రావాలి. ప్రతి చెరువూ నిండాలి. కానీ నిండిన చెరువుకు అంచు కూడా ఉండాలి. కట్టవైపు లోతు మనకు, ఎగువన పలచని నీళ్లు కొంగకు. పూడిక తీసే ప్రతిచోటా ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఊళ్లలో చింతచెట్లు ముసలివవుతున్నాయి. గూళ్లు మోసేంత కొమ్మ సాగడానికి చింతకు దశాబ్దాలు పడుతుంది. ఈ చెట్లు కూలాక నాటుదామంటే మధ్యలో ఒక తరం కొంగలకు చోటు ఉండదు. నాటవలసింది ఇవాళ.

సెలవుల్లో పిల్లలు వస్తే ఇప్పటికీ పటం తీస్తాను. అది మా జిల్లా పటం. వీరాపురం దగ్గర వేలు పెట్టించి, లేపాక్షి చెరువు, పరిగి చెరువు, బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఒక్కొక్కటే గుర్తుపట్టిస్తాను. కొంగ ఒక పూట మేతకు ఏ చెరువుకు పోగలదో, ఏ చెరువు ఎండితే ఏమవుతుందో వాళ్లనే ఆలోచించమంటాను. ఒక పాప అడిగింది: ‘అయితే కొంగలు రాకపోతే తప్పు మనదేనా తాతా?’ అవును తల్లీ అన్నాను. నా పాత పాఠంలో ఆ ప్రశ్నకు చోటే లేదు.

కరువు ఏళ్లలో కొంగలు పలచగా వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు నేను, సైబీరియాలో ఏమైందో ఏమో అని నిట్టూర్చి పేపరు మడిచి పెట్టాను. నా అవివేకంలో నాకు క్షమించరానిదిగా తోచేది ఇదే. వాటిని దూరదేశపు అతిథులు చేసి, వాటి బాధ్యతను కూడా అంత దూరం పంపేశాను. అతిథి రాకపోతే కాస్త చిన్నబోయి ఊరుకుంటాం. ఇంటి ఆడబిడ్డ పురిటికి రాకపోతే ఊరుకోలేం. ఇంట్లో ఏం లోటు జరిగిందని వెతుకుతాం, మనిషిని పంపుతాం, పోయి అడుగుతాం. ఈ కొంగలు రాని ఏడాది మనం వెతకవలసింది మన చెరువులో, మన చెట్టుకింద, మనం చల్లిన మందుల్లో. ఎండాకాలం మధ్యలో పిక్కల్లోతు నీళ్లు, నరకని చింతచెట్టు, కాపు పోయినా సహించే ఇల్లాలు: వాటి రాకకు కావలసినవి ఇవే, ఇవన్నీ మన చేతుల్లోనివే. మా పెరట్లో అత్తమ్మ గుంట తవ్విన చోటికి కొంచెం ఎడంగా చింతమొక్క పెట్టాను. దానిమీద గూడు నేను చూడను. చూసే పిల్లలకు మాత్రం అవి ఎక్కడివో తెలిసి ఉంటుంది, అవి రావాలంటే తామేం చెయ్యాలో కూడా తెలిసి ఉంటుంది. నేను చెప్పిన అబద్ధానికి నాకు చేతనైన దిద్దుబాటు ఇది.